మిలట్రీ తాత... ఎదురుచూసిన నాయనమ్మ

పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని ఉత్త మాధవరం అంటే చుట్టుపక్కల చాలామందికి ఆనదు. 'మిలట్రీ మాధవరం' అనాలి. మొదటి ప్రపంచ యుద్ధానికి తమ ఊరి నుంచి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్లారని ఆ ఊరివాళ్లు లెక్క చెబుతారు. ఒక్క ఊరి నుంచి అంతమంది మగవాళ్లు వెళ్లిపోతే ఆ ఏడు కోతలెవరు కోశారు? ఆడపిల్లల పెళ్లిళ్లకు పీటల మీద ఎవరు కూర్చున్నారు? వెళ్లినవాళ్ల లెక్కను ఊరు గర్వంగా దాచుకుంది. ఇంటిపట్టున ఉండి నెట్టుకొచ్చినవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

అంత పేరు లేకపోయినా, 'మిలట్రీ తాత' ఒకరైనా ఉన్న ఊళ్లు కోస్తాలో చాలానే ఉన్నాయి. దక్షిణాదివాళ్లు యుద్ధాలకు పనికిరారని రెండు యుద్ధాల నడుమ మద్రాసు పటాలాలను రద్దు చేసిన బ్రిటిష్ సర్కారు, రెండో యుద్ధం నెత్తిమీదకు వచ్చాక మళ్లీ ఈ జిల్లాలవైపే చూసింది. భారత సైన్యం 25 లక్షలకు చేరింది. నిర్బంధమేమీ లేదు. నెలనెలా జీతం, రెండు పూటలా తిండి అన్న కబురే చాలామందిని రిక్రూటింగ్ ఆఫీసు మెట్లెక్కించింది. అందరి చేతికీ తుపాకులు రాలేదు. లారీలు తోలారు, వంతెనలు కట్టారు, రాళ్లు మోశారు, గాయపడినవాళ్లను ఎత్తుకొచ్చారు.

ఇంటికి చేరేవి రెండే: జీతంలో కొంత మనియార్డరు, అప్పుడప్పుడు ఓ ఉత్తరం. ఉత్తరం సెన్సారు చేతులు దాటి రావాలి. ఎక్కడున్నదీ, ఏం చేస్తున్నదీ రాయకూడదు. చదువు రాని ఇల్లాలు దాన్ని పోస్ట్‌మన్ చేతో, బడిపంతులు చేతో చదివించుకునేది. మొగుడు తనకు రాసిన మాటలు ముందు ఓ పరాయి మనిషి నోటి వెంట వినాలి. వీధి అరుగు మీద పదిమందీ వింటారని ఆయన ఏం రాయకుండా ఆపుకున్నాడో, ఆమె ఏం రాయించలేక మింగిందో ఊహించుకోవచ్చు.

1942 వచ్చాక కొన్ని ఇళ్లకు ఆ ఉత్తరాలూ ఆగిపోయాయి. ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. 40 వేలకు పైగా భారత సైనికులు జపాన్‌వాళ్ల చేతికి చిక్కారు. మార్చిలో రంగూన్ పోయింది, దాంతో బర్మా బియ్యం రావడమూ ఆగింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. జపాన్‌వాళ్లకు చిక్కిన ఖైదీల్లో కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరనివారిలో చాలామందిని న్యూగినియా దాకా తరలించి, గొడ్డుచాకిరీ చేయించారు. ఎందరో అక్కడే ఆకలితో, జబ్బుతో పోయారు.

ఇక్కడ ఇళ్లలో ఇవేవీ తెలియవు. తంతి వస్తే ఏడ్చి ఊరుకోవచ్చు. 'ఆచూకీ లేదు' అన్న కబురుతో ఏం చేయాలి? బొట్టు ఉంచుకోవాలా, తీసేయాలా? పండక్కి పూలు పెట్టుకుంటే ఓ మాట, పెట్టుకోకపోతే 'మావాడు బతికుండగానే అపశకునమా' అని అత్తగారి మరో మాట. తిథి తెలియనివాడికి తద్దినం ఎలా పెడతారు? యుద్ధం ముగిసి, ఖైదీలు తిరిగొచ్చే వరకు మూడేళ్లకు పైగా ఇదే బతుకు. నా దృష్టిలో ఆ యుద్ధంలో అతి కష్టమైన కాపలా ఇదే. దీనికి ఏ సర్కారూ పతకం ఇవ్వలేదు.

తిరిగొచ్చినవాళ్లలో బర్మా రంగంలో పనిచేసినవారికి పతకం దక్కింది. ఆరు కోణాల కంచు రంగు నక్షత్రం. నడుమ కిరీటం, దాని కింద జార్జి రాజు పేరు సూచించే అక్షరాలు. ముదురు నీలం రిబ్బను మధ్యలో ఎర్ర చార, ఆ నీలం మీదే అటొకటి ఇటొకటి నారింజ చారలు. చాలా ఇళ్లలో అది ట్రంకుపెట్టె అడుగుకు పోయింది. 1947 తర్వాత తెల్లవాడి కొలువు చేశానని నలుగురిలో చెప్పుకోవడానికి తాతలు జంకారు. 'ఎవరి కోసం చచ్చార్లే' అని తేలిగ్గా తీసేసిన మాటలూ విన్నాను. అది అన్యాయం. ఇంటి కోసం వెళ్లిన మనిషిని ఇల్లే మరచిపోతే ఎలా?

1999 కార్గిల్ నాటికి కాలం మారింది. జూన్ 28న ప్రాణాలిచ్చిన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య తండ్రికి రాసిన ఉత్తరాన్ని దేశమంతా చదివింది. ఆయన కూతురు ఆ తర్వాత పుట్టింది. ఉత్తరాలను, జ్ఞాపకాలను ఆ కుటుంబం భద్రంగా నిలుపుకుంది. బర్మా అడవుల్లో పోయినవారి పిల్లల్లోనూ తండ్రిని చూడనివారున్నారు. వాళ్లిప్పుడు ఎనభై దాటినవారు.

రెండో ప్రపంచ యుద్ధంలో అవిభక్త భారత సైనికులు 87 వేల మందికి పైగా చనిపోయారు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వాళ్ల పేర్లను ఉచితంగా వెతకవచ్చు. సర్వీసు నంబరు, దళం, మరణించిన తేదీ, ఏ స్మారకంపై పేరు చెక్కి ఉందీ దొరుకుతాయి. కొన్నిచోట్ల తల్లిదండ్రుల పేర్లు, భార్య పేరు, ఊరు కూడా ఉంటాయి. ఊరి పేర్లు ఆనాటి ఇంగ్లిష్ స్పెల్లింగులో ఉంటాయి కనుక రెండు మూడు రకాలుగా వెతకాలి. లాహోర్ మ్యూజియంలో దుమ్ముపట్టిన రిజిస్టర్ల నుంచి మొదటి యుద్ధపు పంజాబీ సైనికులు 3 లక్షల 20 వేల మంది వివరాలు 2021లో అందరికీ అందుబాటులోకి రావడం మొదలైంది. తెలుగు జిల్లాల సైనికుల కోసం అలాంటి పనికి మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు పూనుకోవాలి.

అంతవరకు ఆగక్కర్లేదు. మీ ఇంట్లో మిలట్రీ తాత ఉండేవారని ఎప్పుడైనా వినుంటే, ఆయన్ని ఎరిగిన పెద్దవాళ్ల దగ్గర ఈ ఆదివారమే కూర్చోండి. పతకం ఉంటే రెండు వైపులా ఫొటో తీయండి. పాత పింఛను కాగితాలుంటే నంబరు రాసుకోండి. తాత సంగతులు అయ్యాక నాయనమ్మ ఆ ఏళ్లు ఎలా నెట్టుకొచ్చిందో కూడా అడగండి. ఆమె పేరుతో సహా రాసిపెట్టండి.