బాడీ బాగుంది... ఇంజినే పోయింది

కోస్తా ఊళ్లలో పాత కారుకు శత్రువు తుప్పు. ఉప్పుగాలి ముందు డోరు అంచుల్ని, ఆ తర్వాత ఫ్లోరును తినేస్తుంది. ఇంజిన్ గట్టిగా ఉండగానే బండి తుక్కుకు పోతుంది. అనంతపురంలో కథ తిరగబడుతుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ కరువు పీఠభూమిలో గాలిలో తేమ తక్కువ, రేకు ఎక్కువ కాలం నిలుస్తుంది. ముందు పోయేది ఇంజినే. పాత కార్ల మీద మమకారం ఉన్నవాళ్లకు ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న కూడా అదే: ఉన్న ఇంజిన్‌ను బాగు చేయించాలా, వేరేది ఎక్కించాలా?

ఇంజిన్‌ను ఇక్కడ చంపేవి రెండు. ఒకటి దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ సరిగా లేకపోతే ఎర్రమట్టి సిలిండర్లోకి చేరి రింగుల్ని అరగదీస్తుంది, సైలెన్సర్ నీలం పొగ వదులుతుంది. రీబోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయిస్తే ఆ ఇంజిన్ మళ్లీ నిలబడుతుంది.

రెండోది నీళ్లు. వందల అడుగుల లోతు బోర్ల నుంచి వచ్చే నీళ్లలో ఉప్పు, సున్నం దండిగా ఉంటాయి. బండి దారిలో కాగితే చేతికందిన ఆ నీళ్లే రేడియేటర్లో పోస్తారు. బ్లాకు లోపల నీళ్లు తిరిగే దారుల్లో తెల్లటి పెచ్చు కడుతుంది. అది వేడిని బయటికి పోనివ్వదు. మే నెల ఎండలో గేజి ముల్లు ఎరుపు దాటుతుంది, హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, నీళ్లు ఆయిల్లో కలుస్తాయి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు పోసిన టీ రంగులో కనిపిస్తుంది. బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్ కొట్టి తీస్తే, లోపల స్క్రూడ్రైవర్‌తో గీకితే ఊడిపడే సున్నపు పెచ్చులు. ఈ సంగతి పట్టించుకోకుండా కొత్త ఇంజిన్ వేయించడం దండగ. పాత రేడియేటరూ, బోరు నీళ్లూ అలాగే ఉంటే దానికీ ఇదే గతి పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయడం ఇంజిన్ మార్పిడితో పోలిస్తే ఏపాటి ఖర్చు?

ఇంజిన్ మార్చడం పాపమేమీ కాదు, కంపెనీలే ఆ పని చేశాయి. 1955లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నది 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజిన్. మన అంబాసిడర్‌ను దశాబ్దాల పాటు లాగిందీ ఆ కుటుంబపు 1489 సీసీ ఇంజినే! ఎంజీఏకు రెండు కార్బురేటర్లు పెట్టి ఎక్కువ శక్తి రాబట్టారు. దాని తర్వాతి ఎంజీబీలో 1973లో కంపెనీయే రోవర్ వారి 3528 సీసీ వీ8 ఇంజిన్‌ను కూర్చింది. సిలిండర్లు ఎనిమిదైనా అది అల్యూమినియంది కాబట్టి, పాత ఇనుప ఇంజిన్‌తో పోలిస్తే ముందు భాగంలో బరువు పెరగలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది. బరువు పెరిగితే స్ప్రింగులు, స్టీరింగ్, బ్రేకులు అన్నీ లెక్క తప్పుతాయి. మన దగ్గర 1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌కు 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్ ఎక్కించినప్పుడు ఐదు గేర్ల బాక్సు కూడా దానితోపాటే వచ్చింది.

చిన్న ఇంజిన్‌తో పెద్ద పని చేసినవాళ్లూ ఉన్నారు. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు నాయుళ్ల కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్‌ను ఒంటిసీటు రేసు కారులో అమర్చి ఫార్ములా మారుతిని తయారుచేశారు. ఆ ఇంజిన్ 796 సీసీ మాత్రమే. 2005లో ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ ఆ కార్లతోనే ఎదిగాడు.

నా మాట సూటిగా చెబుతాను. రోజూ తిప్పే అంబాసిడర్‌కు ఇసుజు ఎక్కించడం సబబే, కాకపోతే ముందు బ్రేకులు చూసుకోవాలి. చాలా పాత బండ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉంటాయి. పెనుకొండ దగ్గర హైవే మీద ఇసుజు ఇచ్చే వేగంతో పోతూ లారీ వెనకాల ఆగాలంటే అవి చాలవు. అరుదైన పాత స్పోర్ట్స్ కారు చేతిలో ఉంటే మాత్రం పాత ఇంజిన్‌నే బాగు చేయించండి. తప్పక మార్చాల్సి వస్తే చాసిస్ కోయొద్దు, పాత మౌంటింగులకే బ్రాకెట్లు చేయించండి. దించిన ఇంజిన్‌ను తుక్కువాడికి అమ్మొద్దు. నూనె పట్టించి, నంబరు కనిపించేలా షెడ్డులో దాచండి.

దాచమనడానికి కారణం చట్టంలోనే ఉంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకు వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మామూలు కారుకైనా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇంజిన్ మార్పుకు ఆర్టీవో అనుమతి కావాలి. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు గానీ, మార్పుకు 5,000 రూపాయల చొప్పున జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. మెకానిక్ షెడ్డు నుంచి బయటికొచ్చిన బండి ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాలి. కొత్త ఇంజిన్ నంబరు ఆర్సీలో ఎక్కాక ఆ కాపీని బీమా కంపెనీకి కూడా పంపాలి.