హైదరాబాద్‌లో నిలబడితే ఖమ్మం కనిపిస్తుందా? ఆ ఎడారిలో అంత దూరంలోని కొండ కనిపిస్తోంది.. ఎలా?

దూరపు కొండలు నునుపు అంటారు కదా. మరి ఎంత దూరం వరకు? 10 కిలోమీటర్లా, 50 కిలోమీటర్లా? అమెరికాలోని అరిజోనా ఎడారిలో ఒకచోట నిలబడితే దాదాపు 175 కిలోమీటర్ల అవతల ఉన్న శిఖరాలు మామూలు కంటికే కనిపిస్తాయి. మ్యాప్‌లో హైదరాబాద్ నుంచి ఖమ్మంకి నేరుగా గీత గీస్తే వచ్చే దూరం కూడా ఇంచుమించు అంతే!

ఫీనిక్స్ నుంచి కారులో మూడు, నాలుగు గంటలు వెళ్తే పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్ వస్తుంది. అందులో పెయింటెడ్ డెజర్ట్ వ్యూపాయింట్ దగ్గర అందరి ఫోన్లూ కింద ఉన్న ఎరుపు, గులాబీ రంగు మట్టి దిబ్బల వైపే ఉంటాయి. గాలి తేటగా ఉన్న రోజు మాత్రం ఒక్కసారి తలెత్తి పడమర వైపు చూడాలి. ఆకాశం అంచున లేత నీలం రంగులో చిన్న కొండ గుర్తులా కనిపించేవే శాన్‌ఫ్రాన్సిస్కో పీక్స్. పేరు చూసి కాలిఫోర్నియా అనుకోవద్దు, ఇవి అరిజోనాలోనే ఫ్లాగ్‌స్టాఫ్ ఊరికి ఆనుకుని ఉన్నాయి. వీటిలో ఎత్తైన హంఫ్రీస్ పీక్ 3,851 మీటర్లు. రాష్ట్రంలో అదే అన్నిటికన్నా ఎత్తు.

భూమి గుండ్రంగా ఉంది కదా, అడ్డం రాదా?

వస్తుంది. సముద్రం ఒడ్డున నిలబడితే మన చూపు నీటి మీద 5 కిలోమీటర్లు దాటదు. ఆ తర్వాత భూమి వంగిపోతుంది. కానీ ఎత్తు పెరిగేకొద్దీ చూపు దూరం కూడా పెరుగుతుంది. ఇక్కడ చూసేవాళ్లూ ఎత్తు మీదే ఉన్నారు, కొండా ఎత్తుగానే ఉంది. మధ్యలో ఉన్న నేల కాస్త పల్లం. చెట్లు, భవనాలు పెద్దగా లేవు. దీనికి తోడు గాలి కూడా సాయం చేస్తుంది. నేల దగ్గర చిక్కగా, పైన పలచగా ఉండటంతో వెలుతురు కిరణాన్ని కొద్దిగా కిందికి వంచుతుంది. అందుకే లెక్క ప్రకారం కనిపించాల్సిన దానికన్నా ఇంకొంచెం దూరమే కనిపిస్తుంది.

అసలు అడ్డు భూమి కాదు, గాలి. అందులో ఉన్న సరుకు అనాలి నిజానికి.

కొండకీ మనకీ మధ్య ఉన్న గాలి ఎండను చెల్లాచెదురు చేసి మన కంటి వైపు పంపిస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఈ అదనపు వెలుగు పెరిగి, కొండకీ ఆకాశానికీ తేడా తగ్గిపోతుంది. ఒక దశ దాటితే కొండ అక్కడే ఉన్నా కంటికి ఆనదు. గాలి పూర్తిగా శుభ్రంగా ఉన్నా ఇది తప్పదు. కాకపోతే అలాంటి గాలిలో చూపు 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. దుమ్ము, పొగ, బొగ్గు మండితే వచ్చే సల్ఫేట్ కణాలు చేరితే మాత్రం కథ మారిపోతుంది. గాలిలో తేమ ఉంటే సల్ఫేట్ కణాలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి, మసక ఇంకా పెరుగుతుంది. ఎడారి గాలి పొడిగా ఉంటుంది కాబట్టే అక్కడ చూపు అంత దూరం వెళ్తుంది. మన కోస్తాలో ఎండాకాలం ఉక్కపోత రోజున పక్క ఊరి కొండే మసకగా ఉంటుంది, గమనించే ఉంటారు.

దీనికోసం చట్టమే ఉంది!

కొండ కనిపించకపోతే నష్టమేంటి అనిపించొచ్చు. నవాహో ప్రజలకు నాలుగు దిక్కుల్లో నాలుగు పవిత్ర పర్వతాలు ఉన్నాయి. పడమటి దిక్కుది ఇదే. హోపీ ప్రజలకూ ఇది పవిత్రమే. వాళ్ల లెక్కలో అది సీనరీ కాదు, సొంత నేలకి హద్దు.

అమెరికా 1977లో క్లీన్ ఎయిర్ యాక్ట్‌ను సవరించి, నేషనల్ పార్కుల్లో మనుషులు చేసిన మసకను పోగొట్టడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. 1999లో 156 పార్కులు, అటవీ ప్రాంతాల కోసం రూల్స్ వచ్చాయి. వాళ్ల పర్యావరణ సంస్థ లెక్కల్లో, పశ్చిమ రాష్ట్రాల్లోని ఇలాంటి చోట్ల సగటు చూపు దూరం 2000లో సుమారు 145 కిలోమీటర్లు. 2015 నాటికి 190 దాటింది. మన శిఖరాలు ఉన్నది 175 దగ్గర! సగటు అంటే అన్ని చోట్లా, అన్ని రోజులూ అంతే అని కాదు. అయినా ఆ తేడా విలువ ఏంటో ఇక్కడ తెలిసిపోతుంది.

దీనికి ఖర్చూ ఉంది. గ్రాండ్ కాన్యన్‌కు దగ్గర్లో ఉన్న 2,250 మెగావాట్ల నవాహో జనరేటింగ్ స్టేషన్‌లో 1990ల్లో సల్ఫర్‌ను పట్టే స్క్రబ్బర్లు పెట్టించారు. గ్యాస్ చౌకగా దొరకడంతో బొగ్గు కరెంటు గిట్టుబాటు కాక 2019 నవంబరులో ప్లాంట్ మూసేశారు. అక్కడ పనిచేసిన వాళ్లలో ఎక్కువ మంది నవాహోలే. కొండను పవిత్రంగా చూసుకునేదీ, ఉద్యోగం పోగొట్టుకున్నదీ ఒకే జనం. ఈ మాట చాలామంది వదిలేస్తారు.

మన దగ్గర 2020 లాక్‌డౌన్‌లో పంజాబ్‌లోని జలంధర్ జనం మేడలెక్కి ధౌలాధార్ మంచు కొండల్ని వీడియోలు తీశారు, గుర్తుందా? కొండలు కొత్తగా రాలేదు. మధ్యలో ఉన్న పొగ తప్పుకుందంతే.

వెళ్తే ఎప్పుడు వెళ్లాలి?

చలికాలం బెస్ట్. వానో మంచో పడి, చల్లగాలి వీచిన మర్నాడైతే ఇంకా మంచిది. కొండ మీద మంచు ఉంటే తెల్లగా తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. ఉదయం పూట సూర్యుడు మన వెనక ఉంటాడు కాబట్టి శిఖరాల మీద వెలుగు పడుతుంది. సాయంత్రం ఎండ ఎదురుగా ఉంటే అదే మసక రెట్టింపు అయినట్టు కనిపిస్తుంది. జూన్ ప్రాంతంలో అడవుల్లో కార్చిచ్చు రేగితే పొగకి ఏమీ కనిపించకపోవచ్చు. ఫోన్‌ను వైడ్‌లో పెడితే కొండ చుక్కంత అయిపోతుంది, జూమ్ లెన్స్ వాడండి.

ఇంకో సంగతి. తేట గాలిలో దూరం మోసం చేస్తుంది. ‘అదిగో అక్కడే కదా’ అనిపించిన దిబ్బ ఐదారు కిలోమీటర్లు ఉండొచ్చు. నీళ్ల బాటిల్ లేకుండా దాని వైపు నడవొద్దు.