పాత కారు నీలం పొగ ఎందుకు వదులుతుంది?

నీలం పొగ వస్తోందంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందన్నమాట. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ గోడ మీది ఆయిల్‌ని కిందికి గీకేస్తుంటాయి. ఏళ్ల తరబడి రాపిడికి రింగులూ గోడా అరిగితే, ఆ సందులోంచి ఆయిల్ పైకెక్కి పెట్రోలుతో పాటు మండుతుంది.

1983లో వచ్చిన మారుతీ 800నే చూడండి. మూడు సిలిండర్లు, 796 సీసీ. మెకానిక్ హెడ్ విప్పి సిలిండర్ పైఅంచు దగ్గర గోటితో తడుముతాడు. మెట్టులా తగిలిందా, అరుగుదల ఎక్కువే! అప్పుడు లేత్ షాపులో బోరింగ్ చేయించి, కాస్త పెద్ద సైజు పిస్టన్లు, కొత్త రింగులు వేస్తాడు. రింగుల చీలికలన్నీ ఒకే వరసలో ఉండకూడదు. ఉంటే గ్యాస్ సులువుగా కిందికి జారిపోతుంది. పనితనమంతా ఇక్కడే తెలుస్తుంది.

మారుతీ ఓమ్నీ వ్యానుదీ 800 కుటుంబపు ఇంజనే కాబట్టి చాలా భాగాలు అటూ ఇటూ సరిపోతాయి. ఇంజన్ మొత్తం మారిస్తే మాత్రం ఆర్టీఓ అనుమతితో ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించాలి.