కాలికి ముల్లు దిగితే లోపల ఏం జరుగుతుంది?

రేగుపళ్ళకు పోయినప్పుడు ఐదో తరగతి చెల్లి కాలికి ముల్లు దిగింది. భయపడి ఎవరికీ చెప్పలేదు. మూడో రోజుకి కాలు వాచి చీము పట్టింది. చీమంటే చెడ్డ రక్తమని మేమందరం అనుకునేవాళ్ళం. కాదు. చీములో ఎక్కువగా ఉండేవి మన కోసం కొట్లాడి చచ్చిపోయిన తెల్ల రక్తకణాలు. అవి ముల్లు దాకా ఎలా వస్తాయో రాస్తున్నాను, చదవండి.

1882లో మెచ్నికాఫ్ అనే శాస్త్రవేత్త ఇటలీలోని మెస్సీనా ఊరిలో సముద్ర నక్షత్రం పిల్లలకు గులాబీ ముళ్ళు గుచ్చాడు. ఆ పిల్లల ఒళ్ళు గాజులాగా ఉంటుంది, లోపలంతా కనబడుతుంది. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి ఆయనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన ఒంట్లో ముందుగా వచ్చేవి న్యూట్రోఫిల్ అనే కణాలు. ఇవి రక్తనాళం గోడ సందులోంచి దూరి బయటికి వస్తాయి. క్రిముల దగ్గర నుంచి వచ్చే రసాయనాలను వాసన పట్టినట్టు పట్టి అటే పోతాయి. వీటికి కాళ్ళు లేవు. అమీబా లాగే పాకుతాయి. కణంలో ఆక్టిన్ అనే సన్నని పోగులు ఉంటాయి. అవి ముందు వైపు పెరిగి పొరను ముందుకు నెడతాయి. వెనక వైపు మయోసిన్ బిగించి పిండుతుంది.

లోపల కండ, నారపోగులు వెదురు పొదలాగా అడ్డం ఉంటాయి. పట్టు దొరకని చోట కణం రెండు పక్కలా ఒత్తుకుంటూ పోతుంది. రెండు బండల మధ్య వీపు ఒకదానికి, కాళ్ళు ఒకదానికి ఆనించి మనం పైకి ఎక్కుతాం కదా, అలాగన్నమాట. కణంలో గట్టిది కేంద్రకం. పొదలో పెద్ద గంప దూరదు, కానీ చిన్న మూటలు ఒక్కొక్కటిగా దూరతాయి. న్యూట్రోఫిల్ కేంద్రకం కూడా మూడు నాలుగు మూటలు కలిపి కట్టినట్టే ఉంటుంది. అందుకే సన్న సందుల్లో కూడా దూరిపోతుంది.

నిమిషానికి సుమారు 10 మైక్రోమీటర్లు నడుస్తుంది. అంటే ఒక్క మిల్లీమీటరు పోవడానికి గంటన్నర పైనే పడుతుంది! అంత కష్టపడి వచ్చి క్రిములను మింగి, అక్కడే చచ్చిపోతుంది.

కానీ అవి ముల్లును పీకలేవు. అది మనమే చెయ్యాలి. చీమును పిండకండి, క్రిములు ఇంకా లోపలికి పోతాయి. మా చెల్లికి నర్సమ్మ ముల్లు తీసి, కడిగి కట్టు కట్టి, ధనుర్వాతం రాకుండా సూది వేసింది. ఇప్పుడు నడుస్తోంది.

చెల్లెళ్ళూ, ముల్లు దిగితే దాచకండి. ఆ రోజే చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని