మాటను మోసినవాడు

భావమునకు వాహనము కావలెను. వ్రాసిన మాట ఒక చేతినుండి మరియొక చేతికి పోయినప్పుడే లోకమునకు చేరును. అందుచేత పాలకులు భావమును అణచదలచినపుడెల్ల ముందుగా పట్టుకొనునది దాని వాహనమునే. వాహనము మారినకొలది పట్టుబడు మనిషియు మారుచుండును. ఈ సంగతిని తెలిసికొనుటకు కలకత్తా నగర చరిత్ర మిక్కిలి తోడ్పడును. అచ్చట వార్తాపత్రికయు, దానిపై ఆంక్షయు ఇంచుమించు కవలలుగా పుట్టినవి.

1780 జనవరి 29న జేమ్స్ అగస్టస్ హికీ కలకత్తాలో ‘బెంగాల్ గెజిట్’ అను వారపత్రికను ప్రారంభించెను. మన దేశమున అచ్చయిన తొలి వార్తాపత్రిక అదియే. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్సును, అతని పరివారమును ఎత్తిపొడిచినందున, ఏడాది తిరుగకముందే దానిని తపాలాలో పంపరాదని ఉత్తర్వు వెలువడెను. హికీ చెరలో నుండియు పత్రికను నడపెను. తుదకు 1782లో అచ్చు సామగ్రిని స్వాధీనము చేసికొన్న పిమ్మటనే అది ఆగిపోయెను. తొలుత దారిని మూసిరి. తరువాత సాధనమును లాగుకొనిరి.

1823లో తాత్కాలిక గవర్నర్ జనరల్ జాన్ ఆడమ్, ప్రభుత్వపు అనుమతిపత్రము లేనిదే పత్రిక నడపరాదని శాసించెను. రాజా రామమోహన రాయ్ మిత్రులతో కలిసి న్యాయస్థానమునకు విన్నవించుకొనెను. ఫలము లేకపోయెను. ఆయన తన పారసీక పత్రిక ‘మిరాత్ ఉల్ అఖ్బార్’ను నిరసనగా తానే నిలిపివేసెను. ఆ కట్టడిని 1835లో మెట్‌కాఫ్ తొలగించెను. మరల 1878లో లిట్టన్ ప్రభుత్వము దేశభాషా పత్రికల చట్టమును తెచ్చెను. దేశభాషలలో పత్రికలు ప్రకటించువారు పూచీపత్రము వ్రాయవలెను, ధరావతు కట్టవలెను. ఆంగ్ల పత్రికలకు ఆ బాధ లేదు. కలకత్తాలోని ‘అమృతబజార్ పత్రిక’ వెంటనే పూర్తిగా ఆంగ్లములో వెలువడి ఆ చట్టమును తప్పించుకొనెను. స్వతంత్ర భారతమున 1975లో అత్యవసర పరిస్థితి విధింపబడినపుడు, గౌర్ కిశోర్ ఘోష్ వ్రాయు స్వాతంత్ర్యము పోయినదని శిరోముండనము చేయించుకొనెను. ఆ సంగతిని కుమారునికి లేఖగా వ్రాసి ఒక బెంగాలీ పత్రికలో ప్రకటించి కారాగారము పాలయ్యెను.

ఈ రెండు వందల ఏండ్లలో దండనకు గురియైనవారు ముద్రాపకులు, ప్రకాశకులు, సంపాదకులు, రచయితలు. పత్రికను చదివి పొరుగువాని కందించిన పాఠకుని జోలికి చట్టము సాధారణముగా పోలేదు. కాలము మారినది.

2012 ఏప్రిల్‌లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్రాచార్యుడు అంబికేశ్ మహాపాత్ర తనకు అందిన ఒక వ్యంగ్యచిత్రమును తన గృహ సహకార సంఘపు సభ్యులకు ఈ-మెయిల్‌లో పంపెను. అది రాష్ట్ర ముఖ్యమంత్రిని గూర్చినది; సత్యజిత్ రాయ్ చలనచిత్రము ‘సోనార్ కెల్లా’ ఆధారముగా అల్లిన పరిహాసము. పోలీసులు ఆచార్యుని, సంఘ కార్యదర్శియైన ఒక వృద్ధుని అరెస్టు చేసిరి. వారికి చెరి 50,000 రూపాయలు పరిహార మీయవలెనని ఆ యేడే రాష్ట్ర మానవహక్కుల సంఘము సిఫారసు చేసెను. అభియోగము మాత్రము నిలిచియే యుండెను.

దీనికి మూలము కొత్త వాహనపు స్వభావములోనే యున్నది. ఈ-మెయిల్, ఫేస్‌బుక్, వాట్సాప్ వంటి సాధనములకు సంపాదకుడు లేడు, ధరావతు లేదు. ఒకడు పదిమందికి, వారిలో ప్రతివాడును వేరు పదిమందికి పంపినచో, మూడవ మెట్టున మాట వేయిమందికి, ఆరవ మెట్టున పదిలక్షలమందికి చేరును. ఇంత వేగముగ పోవు మాటను ముందుగా పరీక్షించుట ఎవరి తరమును కాదు. కాని ప్రతి సందేశముతోపాటు, పంపినవాని జాడయు, పంపిన వేళయు నమోదగుచుండును. కావున పాఠకుడే ప్రకాశకుడైనాడు; ప్రకాశకుని అపాయమును అతనిదే అయినది.

నాటి సమాచార సాంకేతిక చట్టపు 66ఎ సెక్షను చికాకు, అసౌకర్యము కలిగించు సందేశములకు సైతము మూడేండ్ల వరకు శిక్షను విధించెను. ఎవరికి చికాకు? ఎంత చికాకు? చట్టము చెప్పలేదు. ఈ అస్పష్టతను ఎత్తిచూపి 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టివేసెను. తీర్పు చెప్పిన ఇరువురు న్యాయమూర్తులలో తెలుగువారైన జాస్తి చలమేశ్వర్ ఒకరు. అయినను ఆ సెక్షను క్రింద కేసులు ఆగకపోవుటచే, ఎవరినీ విచారింపరాదని 2022లో ఆ న్యాయస్థానమే మరల ఆదేశింపవలసి వచ్చెను. మహాపాత్ర అభియోగమునుండి విముక్తుడైనది 2023 జనవరిలో. క్షణములో పంపిన సందేశమునకు దాదాపు పదునొకండేండ్లు న్యాయస్థానముల చుట్టు తిరుగవలసి వచ్చెను. ఇట్టి వ్యాజ్యములో తీర్పుకంటె ముందు విచారణయే శిక్ష యగును. దానిని చూచినవారు తమంత తామే నోరు మూసికొందురు. అనుమతిపత్రము లేని యుగమున ఆంక్ష పనిచేయు తీరు ఇది.

అయినను ఈ వాహనపు శక్తి సామాన్యమైనది కాదు. 2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి. కర్ వైద్య కళాశాలలో ఒక యువ వైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురికాగా, 14వ తేదీ రాత్రి స్త్రీలు వీథులకు రావలెనను పిలుపు సామాజిక మాధ్యమములలోనే వ్యాపించెను. వేలమంది వచ్చిరి. ఆ మాధ్యమములలోనే మృతురాలి పేరు, చిత్రములు తిరుగుచుండగా, వానిని తొలగింపవలసినదని 20న సుప్రీంకోర్టు ఆదేశించెను. ఒకే దారిలో న్యాయపు కేకయు నడచినది, నిర్దయయు నడచినది.

హికీ చేతిలోని యంత్రము నేడు ప్రతి పాఠకుని చేతిలో నున్నది. సంపాదకుని వివేకమును దానితోపాటు అలవరచుకొనుట పాఠకుని వంతు. నవ్వించు మాటను గాయపరచు మాటనుండి వేరుపరచి స్పష్టముగ చెప్పుట చట్టపు వంతు.