గర్భిణి, నర్సు, దూరం

గర్భంతో వచ్చే ప్రమాదాల్లో చాలావాటికి ముందు జాడ ఉంటుంది. ఆ జాడ పట్టుకోవడానికే నెలల పరీక్షలు. కనీసం నాలుగుసార్లు చూపించుకోవాలన్నది మన దేశంలో అమల్లో ఉన్న లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఎనిమిదిసార్లు చూపించుకోవాలని చెప్పింది. మొదటిది పన్నెండు వారాల లోపే జరగాలి. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టరే గర్భిణులను పరీక్షిస్తారు.

ఖమ్మం జిల్లా నేలకొండపల్లి మైదాన మండలం. నొప్పులొస్తే 102 వాహనానికి ఫోన్ చేస్తారు, జిల్లా కేంద్రం దూరమేమీ కాదు. భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం మండలాల్లోని అడవి గూడేల సంగతి వేరు. అక్కడ వానాకాలం వాగు పొంగితే దారే ఉండదు. అందుకే ఒకే బీపీ రీడింగు రెండుచోట్ల ఒకే అర్థం ఇవ్వదు. నేలకొండపల్లిలో రేపు మళ్లీ చూద్దామనుకోగలిగిన కేసును గూడెంలోని ఏఎన్ఎం (సబ్‌సెంటర్ నర్సు) ఈరోజే పెద్దాసుపత్రికి పంపించాలి.

ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరితే జాగ్రత్తపడాలి, మూత్రంలో ప్రొటీన్ కూడా కనిపిస్తే మరీను. పాదాలకు నీరు పట్టడం చాలామందికి మామూలే. ముఖం, చేతులు ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, రొమ్ము కింద నొప్పి మాత్రం మామూలు కాదు. 160/110 అంటే అత్యవసరం. ఆపైన వచ్చే ఫిట్సే పాతవాళ్లు చెప్పే గుర్రపువాతం. దానికి మందు మెగ్నీషియం సల్ఫేట్. పెద్దాసుపత్రికి పంపే ముందు ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున మొదటి డోసు ఇచ్చే అధికారం ఏఎన్ఎంకు ఉంది. ఆ ఇంజెక్షన్ సబ్‌సెంటర్ అల్మరాలో లేకపోతే ఆ అధికారం కాగితానికే పరిమితం.

రక్తహీనత ఇంత హడావుడి చేయదు. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే తీవ్రమైనది. 60 మిల్లీగ్రాముల ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి, టీతోనూ కాల్షియం మాత్రతోనూ కలిపి కాదు. ఆదివాసీ స్త్రీలలో సికిల్‌సెల్, మలేరియా కూడా రక్తాన్ని తగ్గించగలవు కనుక మాత్రలు ఇచ్చి ఊరుకుంటే చాలదు, కారణం వెతకాలి. రక్తం తక్కువున్న తల్లి కాన్పులో కొద్దిపాటి రక్తస్రావాన్నీ తట్టుకోలేదు. బిడ్డ పుట్టిన నిమిషంలోపు 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వడం అందుకే. అరలీటరు దాటి రక్తం పోయిందంటే ప్రమాదంలో పడ్డట్టే.

షుగరు పరీక్షకు పరగడుపున రావాల్సిన పని లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 140 లేదా అంతకు మించితే గర్భధారణ మధుమేహం.

ఇన్ని కనిపెట్టగల నర్సును తయారుచేసే పని తెలంగాణలో 2017లో మొదలైంది. ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో 30 మంది ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చారు. 2018లో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ప్రకటించింది. తల్లుల మరణాల్లో ఈ రాష్ట్రం మెరుగే: 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 అయితే ఇక్కడ 43. కానీ ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. ముహూర్తం చూసుకుని కోయించుకునే వాళ్లూ అందులో ఉన్నారు. పాత కోత మచ్చ మీద మాయ అతుక్కునే ముప్పు తర్వాతి కాన్పులో ఉంటుందని వారికి ముందే చెప్పేవాళ్లు తక్కువ.

మిడ్‌వైఫ్ మామూలు కాన్పును తానే చేస్తుంది, తేడా వస్తే డాక్టరుకు అప్పగిస్తుంది. పంపే చీటీలో బీపీ, ఇచ్చిన మందు, ఇచ్చిన సమయం, రక్తం గ్రూపు ఉండాలి. వాహనం కదలకముందే అవతలి ఆసుపత్రికి ఫోన్ వెళ్లాలి, రక్తం సిద్ధం చేసుకోవడానికి వాళ్లకున్న వ్యవధి ఆ ప్రయాణమే.