చిలుములో మిగిలిన అంకె

మా నాయనమ్మ వయసెంతో మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంటుంది. అది రాసుకున్నాయన వేసిన లెక్క. మేం అడిగినప్పుడల్లా ఆవిడ ఒకటే మాట చెప్పేది: "నేను పుట్టిన ఏడు అచ్చయిన కొత్త కాణీ మా నాన్న నా మొలతాడుకి కట్టాడ్రా. అది దొరికితే చూసుకోండి."

పోయిన వేసవిలో గుంటూరు జిల్లాలోని మా పెంకుటిల్లు పడగొట్టి పునాదులు తీస్తుంటే, వంటింటి మూల ఒక ఇత్తడి మరచెంబు బయటపడింది. నాయనమ్మ పెళ్ళికి తెచ్చుకున్నదే. వాళ్ళ అత్తగారు ఎప్పుడో పూడ్చిపెట్టి, ఎవరికీ చెప్పకుండానే పోయింది. మూత ఊడిపోయి చెంబు నిండా మట్టి. అందులో జార్జి బొమ్మ కాలణాలు, నయాపైసలు, అల్యూమినియం పైసలు, ఒకే ఒక్క చిల్లు కాణీ. కాణీ మీద ఏడాది '194' దాకా తెలుస్తోంది. ఆఖరి అంకె పచ్చటి చిలుములో ఉబ్బెత్తుగా ఉంది. నాలుగో, ఆరో.

"శుభ్రం చేసి తెస్తా నాయనమ్మా" అన్నాను. మెకానికల్ థర్డ్ ఇయర్ కదా, ధైర్యం ఎక్కువ.

నా ధైర్యానికి కారణం రాక్ టంబ్లర్. అసలు ఇది రంగురాళ్ళని నున్నగా చేసుకునే యంత్రం. రెండు రోలర్ల మీద ఒక డ్రమ్ము పడుకుని తిరుగుతుంటుంది, అంతే. అమెరికా, బ్రిటన్‌లలో మెటల్ డిటెక్టర్లు పట్టుకుని బీచ్‌లలో, పార్కుల్లో తిరిగేవాళ్ళు దొరికిన చిల్లరని ఇందులో వేసి తోముతారు. మా బ్యాచ్ మినీ ప్రాజెక్టుగా కారు వైపర్ మోటారు, నాలుగంగుళాల పీవీసీ పైపుతో ఒకటి తయారుచేశాం.

ఇది పనిచేసే తీరు బాల్ మిల్ పాఠంలో చదివిందే. డ్రమ్ము తిరిగేటప్పుడు లోపలి సరుకు గోడ వెంట కొంత పైకెక్కి, మళ్ళీ కిందికి జారాలి. ఆ జారుడులోనే రాపిడి. మరీ వేగంగా తిప్పితే సరుకు గోడకి అతుక్కుపోయి డ్రమ్ముతో పాటే తిరుగుతుంది, పని జరగదు. ఆ హద్దే క్రిటికల్ స్పీడ్. డ్రమ్ము వ్యాసం మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలంతో 42.3ని భాగిస్తే నిమిషానికి అన్ని చుట్లు. మా 0.1 మీటర్ల పైపుకి సుమారు 134. నాణేలకి అందులో మూడో వంతు చాలు. డ్రమ్ము సగానికి కాస్త పైదాకా నింపితే సరిపోతుంది.

లెక్కలన్నీ కరెక్టే. తప్పు నాది. నాణేలన్నీ ఒకేసారి వేసి, ఇసుక పోసి, అమ్మ రాగిచెంబులు తోమే పద్ధతిలో చింతపండు పులుసు, ఉప్పు కలిపి, రాత్రంతా తిప్పాను.

పొద్దున మూత తిప్పుతుంటే 'టప్'మని ఎగిరింది. పులుపూ ఉప్పూ కలిసి అల్యూమినియాన్ని తింటే హైడ్రోజన్ పుడుతుంది. మూసిన డ్రమ్ములో అది ఒత్తిడి పెంచుతుంది. అల్యూమినియం పైసలు గుంటలు పడి, అక్కడక్కడా ఎర్రబారాయి. రాగి నాణేల నుంచి కరిగిన రాగి వాటి మీద పేరుకుంది. కాలణాలు మాత్రం తళతళ. కాణీ కూడా తళతళే. '194' కూడా లీలగా ఉంది. దాని పక్కన ఏమీ లేదు.

తర్వాత మెటలర్జీ పుస్తకం తీశాను. రాగి మట్టిలో దశాబ్దాలు ఉంటే పై పొర మెల్లగా లోహం కాకుండా పోతుంది. లోపల ఎర్రటి ఆక్సైడు, దాని మీద పచ్చటి కార్బొనేటు. చాలాసార్లు అక్షరాల ఆకారం ఆ పొరల్లోనే మిగులుతుంది, కింది లోహంలో ఉండదు. నేను మురికి అనుకుని గీకేసిందే అంకె. పైగా రాపిడి ఎప్పుడూ ఎత్తుగా ఉన్నదాన్నే ముందు తింటుంది. నాణెం మీద ఎత్తుగా ఉండేవి బొమ్మ, పేరు, ఏడాది.

మీలో ఎవరికైనా ఇలాంటివి దొరికితే నా అనుభవం ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందు రెండువైపులా ఫోటో తియ్యండి. నేను తియ్యలేదు. పాతవాటిని, ఒక్కటే ఉన్నవాటిని డ్రమ్ములో వెయ్యొద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో, వెదురు పుల్లతో మట్టి వరకే తియ్యాలి. టంబ్లర్ కేవలం మామూలు చిల్లరకి. అప్పుడైనా ఏ లోహానికి ఆ లోహం విడిగా వెయ్యాలి. ఇసుక బదులు నున్నటి చిన్న గులకరాళ్ళు, నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బు చాలు. పులుపు వద్దు. అరగంటకోసారి ఆపి చూడండి. అయ్యాక కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. రాగిలో క్లోరైడు ఉండి తడి తగిలితే లేత ఆకుపచ్చ పొడి రాలుతూ నాణెం లోపల్నుంచి తినేస్తుంది. దాన్నే 'బ్రాంజ్ డిసీజ్' అంటారు. ఉప్పు వేసి ఆ రోగాన్ని కూడా నేనే పిలిచినట్టయింది.

ఇంకో సంగతి. భూమిలో దాగి ఉండి దొరికిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతుంది. తోమడం సంగతి ఆ తర్వాతే.

కాణీ తీసుకెళ్ళి నాయనమ్మ చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. వేలితో తడిమి చూసుకుంది. చిల్లు కాణీలు 1943 నుంచి 1947 వరకే అచ్చయ్యాయి, కాబట్టి ఆ ఐదేళ్ళలో ఏదో ఒకటి అయ్యుంటుందని మెల్లగా అన్నాను.

"నలభై ఏడే వేసుకోరా. చిన్నదాన్నవుతా" అని నవ్వి, కాణీని కొంగున ముడేసుకుంది.